పిచ్చుకలు తిన్న చంద్రుడు: హొరినుమా వారి వంశచిహ్నం

జపాను దేశంలో ఒక మూల, కొండలు దగ్గరదగ్గరగా జరిగి సన్నని ఏటికి మాత్రం దారి విడిచిన చోట, అయితాని అనే లోయ ఉంది. ఏటి ఒడ్డు నుంచి నూట పన్నెండు రాతిమెట్లు ఎక్కితే పిచ్చుకల గుడి వస్తుంది. మెట్లు నూట ఎనిమిదేనని పూజారి గారు చెబుతారు. చివరి నాలుగు మెట్ల దగ్గర ఆయనకు ఆయాసం వచ్చి లెక్క తప్పుతుంది.

గుడి చిన్నదే. ద్వారానికి నీలిరంగు తెర వేలాడుతుంది. తెర మీద తెల్లని నిండు చంద్రుడు, ఆ చంద్రుడి కుడి అంచున మూడు నీలి మచ్చలు. ఇదే గుర్తు పైకప్పు పెంకుల మీద ఉంది, రాతి దీపాల మీద ఉంది, పూజారి గారి గొడుగు మీద కూడా ఉంది. ఇది హొరినుమా వారి వంశచిహ్నం. ఆ దేశంలో పాత కుటుంబాలకు ఇంటిపేరుతో పాటు ఇలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. పెళ్ళిబట్టల మీదా, యుద్ధంలో జెండా మీదా, చివరికి సమాధిరాయి మీదా దాన్నే వేసుకుంటారు.

ఈ మూడు మచ్చలూ మూడు లోకాలకు సంకేతమని పట్నం నుంచి వచ్చిన పండితుడొకాయన గుడి ముందు నిలబడి గంటసేపు వివరించి వెళ్ళాడు. విన్నవాళ్ళు మర్యాదగా తలలూపారు. అవి పిచ్చుకలు తినేసిన చోట్లని ఆయనకు చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు.

పూర్వం ఇక్కడ, ఇప్పుడు గుడి ఉన్న చోటనే, ఒక కోట ఉండేది. అందులో హొరినుమా నొరితొకి అనే దొర ఉండేవాడు. లోయ దిగువన మరో కోటలో ఆయన పినతండ్రి కొడుకు ఉండేవాడు. ఇద్దరిదీ ఒకే వంశం, ఒకే ముక్కు, ఒకే జెండా. అప్పటికి ఆ జెండా మీద మచ్చలేని చంద్రుడే ఉండేవాడు. వంశానికి పెద్ద ఎవరన్న విషయంలో దాయాదులకు పోరు వచ్చింది. జెండా మార్చుకున్నవాడు పెద్దరికం వదులుకున్నట్టే గనక ఇద్దరూ మార్చలేదు. దానితో యుద్ధంలో ఎవరి మనుషులు ఎవరో తెలిసేది కాదు. ఒకసారి ఇరుపక్షాల వాళ్ళూ ఒకే పొయ్యి చుట్టూ కూర్చుని, సగం భోజనం అయ్యాక ఒకరినొకరు గుర్తుపట్టి లేచిపోయారని చెబుతారు. మిగిలిన సగం ఏం చేశారో ఎవరూ చెప్పరు.

ఏటి ఒడ్డున ఒక అద్దకం ఇల్లు ఉండేది. నీలిబానల దగ్గర పని తొకుబెయిది. గుడ్డ మీద పిండి పెట్టే పని అతని భార్య ఓషినోది. ఆ పని తీరు తెలిస్తేనే ఈ కథ తెలుస్తుంది. గుడ్డ మీద ఎక్కడ తెలుపు ఉండాలో అక్కడ జిగురుబియ్యప్పిండీ తవుడూ కలిపి ఉడికించిన ముద్దను మందంగా పరుస్తారు. అది ఆరాక గుడ్డను నీలిబానలో ముంచితే ముద్ద ఉన్న మేరకు రంగు అంటదు. ఆ తరువాత ఏట్లో కడిగితే ముద్ద కరిగిపోయి, దాని అడుగున తెలుపు మిగులుతుంది. ముద్దలో సున్నం కలపడం ఆచారం. సున్నం వల్ల ముద్ద గట్టిపడుతుంది, పైగా ఏ ప్రాణీ నోట పెట్టదు. సున్నం లేకపోతే అది అచ్చం చలిమిడి ముద్దే.

ఆ సంవత్సరం లోయలో చిటికెడు సున్నం లేదు. కోట దివాను తెరగుచి గారు ప్రాకారానికి పూత వేయించడం కోసం ఇల్లిల్లూ గాలించి సున్నమంతా పైకి తోలించుకున్నాడు. ఆ దేశంలో తాంబూలం అలవాటు లేదు గనక సరిపోయింది, లేకపోతే అప్పుడే తిరుగుబాటు జరిగేది.

ఆ తెరగుచి గారే ఆకురాలు కాలంలో ఒకనాడు అద్దకం ఇంటికి వచ్చాడు. పాత జెండాను చిమటలు కొట్టేశాయి, ఆరు రోజుల్లో కొత్తది కావాలి, దిగువ కోటలో కదలిక కనిపిస్తోంది అన్నాడు. జెండా కోసం నేసిన గుడ్డ ఒక్కటే ఉంది, దాన్ని చేతికిచ్చాడు. సున్నం లేదని తొకుబెయి నసిగితే విననట్టు ఊరుకున్నాడు. వెళ్ళబోతూ, చంద్రుడిలో మచ్చ కనిపిస్తే పిండి పెట్టిన వేళ్ళు తీయిస్తానన్నాడు. ఆయన ఏమన్నా మెల్లగానే అనేవాడు. గొంతు పెంచితే ఆయుష్షు తగ్గుతుందని ఎవరో చెప్పారట.

ఓషినో సహజంగానే బెంగమనిషి. నవ్వు వస్తే, ఇంత నవ్వాం, దీని వెనక ఏం రానుందో అనుకునే రకం. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు అరికాళ్ళు చెమర్చడం మొదలైంది. పిండి కలుపుతూ వేళ్ళు చూసుకునేది. బియ్యం కడుగుతూ చూసుకునేది. పది ఉన్నాయా లేవా అని కాదు, పోతే ఏ పని ఎలా చేయాలా అని.

నాలుగో రోజు పొద్దున్నే గుడ్డను పెరట్లో బిగించి కట్టి, బారెడు వెడల్పు చంద్రుణ్ణి పరిచింది. పిట్ట వాలకుండా కర్ర పట్టుకుని పక్కనే కూర్చుంది. అంతలో దడి అవతల నుంచి పొరుగింటి ఓకనే పిలిచింది.

"ఓషినో వదినా, ఒక్క మాట."

ఓకనే ఒక్క మాట అంటే ముద్ద ఆరడానికి పట్టేంత పొడుగుంటుంది. ఆ రోజు మాట పీపాలు చేసేవాడి పెద్దకోడలు పుట్టింటికి ఎందుకు వెళ్ళింది అన్నది. కోడలు వెళ్ళిన కారణం, వెళ్ళకముందు అత్త అన్న మాట, అత్తను ఆమె అత్త పూర్వం అన్న మాట, అన్నీ అయ్యేసరికి పొద్దు నడినెత్తి మీదికి వచ్చింది. ఓషినో తిరిగొచ్చి చూస్తే పది పన్నెండు పిచ్చుకలు చంద్రుడి కుడి అంచున కూర్చుని, పెళ్ళిపంక్తిలో పెద్దల్లా నింపాదిగా తింటున్నాయి. కోతలు ముందే ముగించి గింజలన్నీ కోటకు చేర్చారు గనక వాటికీ ఆ ఏడు వేరే దిక్కు లేదు.

వాటిని తోలి చూసుకుంటే మూడు చోట్ల గుడ్డ బయటపడి ఉంది. ఓషినో భర్తను పిలవలేదు. గిన్నె అడుగున మిగిలిన పిండి గీకి, మూడు చోట్లా మాసికలు వేసి, పైన తవుడు చల్లింది. దాని మీద నీడ కూడా పడకుండా సాయంత్రం దాకా అక్కడే నిలబడింది.

అయిదో రోజు పొద్దున తొకుబెయి గుడ్డను బానలో అయిదుసార్లు ముంచి తీశాడు. పాతముద్ద నిలిచింది. మాసికలు బానలోనే కరిగిపోయాయి. ఏట్లో కడుగుతుంటే నీలి గుడ్డ మధ్య నుంచి చంద్రుడు కొంచెం కొంచెంగా తేలుతూ వచ్చాడు, అతనితో పాటు మూడు మచ్చలూ తేలాయి.

"ఇదేమిటి?" అన్నాడు తొకుబెయి.

"పిచ్చుకలండీ."

"నువ్వెక్కడున్నావు?"

"ఓకనే వదిన దగ్గర."

తొకుబెయి ఇంకేమీ అడగలేదు. ఓకనే దగ్గరకు వెళ్ళినవాళ్ళు తమ ఇష్టం మీద తిరిగి రాలేరని లోయంతటికీ తెలుసు. అతను నీళ్ళలోనే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. నీలి దిగిన గుడ్డ మళ్ళీ తెల్లబడదు. వేరే గుడ్డ లేదు. ఉన్నది ఒక్క పూట.

ఆ మధ్యాహ్నం తొకుబెయి తల్లి ఓకుమ ఎప్పటిలాగే అన్నం తిని కునుకు తీసింది. ఆమెకు ఎనభై దాటాయి, రెండు చెవులూ వినపడవు. లేచి కూర్చుని, దేవుడు కలలోకి వచ్చాడని చెప్పింది. పిచ్చుకరంగు అంగీ తొడుక్కున్న ముసలాయన చంద్రుడి మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడట.

"ఏమన్నాడు అత్తయ్యా?" అని ఓషినో మూడుసార్లు అరిచింది. మూడోసారికి ఓకుమకు వినబడింది.

"చెప్పు అన్నాడో, కప్పు అన్నాడో. నాకు వినబడి చస్తేనా?"

"మళ్ళీ అడగకపోయావా అమ్మా?" అన్నాడు తొకుబెయి ఆమె చెవిలో.

"రెండుసార్లు అడిగానురా. ఆయనకు విసుగొచ్చి వెళ్ళిపోయాడు. వినబడనివాళ్ళతో ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది?"

ఆ లోయ యాసలో ఈ రెండు మాటలకూ ఒక్క అక్షరమే తేడా. మన తెలుగులోనూ అంతే గనక వేరే వివరించనక్కరలేదు. నిజం చెప్పు అన్నాడా, మచ్చ కప్పు అన్నాడా? ఒకటి చేస్తే దైవాజ్ఞ, రెండోది చేస్తే దైవద్రోహం. ఏది ఏదో తెలిసిన ఒక్క మనిషికీ చెవుడు. అడిగి రమ్మని ఓకుమను మళ్ళీ పడుకోబెట్టారు. ఆమె పడుకుంది. ఈసారి కలలోకి పోయిన చెల్లెలు వచ్చి ఊరగాయ జాడీ ఎక్కడ పెట్టావని అడిగింది.

"కప్పు అనే అని ఉంటాడు. దేవుడికి మాత్రం లోకం తీరు తెలియదా?" అంది ఓకనే దడి అవతల నుంచి. ఆమెను ఎవరూ అడగలేదు.

తొకుబెయికీ అదే సబబనిపించింది. ఓషినోకు మాత్రం దేవుడు చెప్పు అనే అన్నాడని లోపల తోచింది. వేళ్ళ వంక చూసుకుంది. తోచిన మాటను కూడా కప్పేసి ఊరుకుంది. ఆమె అత్తయ్య చెవి దగ్గర కూర్చుని ఇంకా ఆ కల గురించే ఆరా తీస్తుండగా, తొకుబెయి వెనక కొట్టంలో బియ్యప్పిండి జారుగా కలిపి మూడు మచ్చల మీదా పూసి ఆరబెట్టాడు.

మర్నాడు పొద్దున తెరగుచి గారు వచ్చి జెండాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఓషినో తలవంచుకుని ఆయన చెప్పులు చూస్తూ నిలబడింది. చెప్పులు మూడు అడుగులు ముందుకు వేశాయి, ఆగాయి, వెనక్కి తిరిగాయి. "ఇన్నాళ్ళకు ఒక పని సరిగ్గా చేశారు" అన్న మాట వినబడింది. ఆ జెండాతో ముప్ఫైమంది అప్పుడే ఏటి రేవు దాకా కాపలా చూడడానికి బయలుదేరారు. మధ్యాహ్నానికి తిరిగి వస్తారన్నారు.

జాము పొద్దెక్కేసరికి పడమటి కొండ మీద మబ్బు పట్టింది. కాసేపటికి సన్నని తుంపర మొదలైంది. ఓషినో వసారాలోంచి చేయి చాపి చూసింది. చినుకు చినుకుకీ ఎక్కడో పిండి కరుగుతున్నట్టే ఉంది. కరిగి అందరి ముందూ మచ్చలు బయటపడతాయి. పొరపాటుకు వేళ్ళన్నారు. మోసానికి ఏమంటారో ఆమె ఊహకు అందలేదు.

తొకుబెయి అప్పటికే మూట కడుతున్నాడు. "కొండ దాటిపోదాం" అన్నాడు.

"అత్తయ్యను ఎవరు మోస్తారండీ?"

అతను చాలాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన తెమలకముందే ఓషినో గడ్డిటోపీ నెత్తిన పెట్టుకుని కోట దారి పట్టింది. మెట్లు ఎక్కుతుంటే, వెనక్కి తిరగమని కాళ్ళు ఒక్కో మెట్టు దగ్గరా బతిమాలాయి. చెప్పు, చెప్పు అని అనుకుంటూనే పైకి నడిచింది. ఆ మాట కప్పు, కప్పు అని మారినచోటల్లా ఆగి మళ్ళీ మొదలుపెట్టింది.

నొరితొకి దొర వసారాలో కూర్చుని మొలకు కట్టుకునే తాళ్ళు తానే పేనుకుంటున్నాడు. పక్కన తెరగుచి గారున్నాడు. ఓషినో నేలకు నుదురు ఆనించి ఒక్క ఊపిరిలో అంతా చెప్పేసింది. సున్నం లేకపోవడం, పిచ్చుకలు, మాసికలు, బియ్యప్పిండి పూత, అత్తయ్య కల, చెవుడుతో సహా. పీపాలవాడి కోడలి సంగతి కూడా సగం వచ్చింది, మింగేసింది.

తెరగుచి గారి ముఖం బానలోంచి అయిదోసారి తీసిన గుడ్డలా అయింది. "వేళ్ళు కాదు దొరా, తల" అన్నాడు మెల్లగా.

దొర ఏదో అనబోతుండగా కాపలావాడు వచ్చాడు. "మనవాళ్ళు తిరిగొచ్చారు దొరా. తలుపు తీయమంటున్నారు."

"జెండా చూశావా?"

"చూశాను. నిండుచంద్రుడిలా తెల్లగా ఉంది."

దొర చేతిలో తాడు ఆగిపోయింది. తుంపర మొదలై అప్పటికి రెండు గంటలు దాటింది. ఆయన ఓషినోను లేపి గోడ మీదికి తీసుకువెళ్ళాడు.

కింద ముప్ఫైమంది దాకా ఉన్నారు. అందరికీ గడ్డి గొంగళ్ళు, గడ్డిటోపీలు, కనిపించేవి గడ్డాలు మాత్రమే. తడిసిన జెండా కర్రకు అంటుకుంటూ విడిపోతూ ఉంది. అందులో చంద్రుడికి ఒక్క మచ్చ లేదు.

"మీ ఇంట్లో పూసిన పిండి వానకు నిలుస్తుందా?" అన్నాడు దొర.

ఓషినో మనసులో లెక్క వేసుకుంది. ఉత్త పిండి అయితే నిలవదు. సోయాపాలతో కలిపిన పిండి గుడ్డను జలగలా పట్టుకుంటుంది, వారం రోజుల వానకైనా రాదు. తొకుబెయి కలిపినప్పుడు ఆమె అక్కడ లేదు. పాలు కలిపి ఉంటే కింద ఉన్నది లోయవాళ్ళే, అందులో పీపాలవాడి కొడుకులిద్దరూ ఉన్నారు. తలుపు తీయకపోతే వెనక నుంచి దిగువ కోటవాళ్ళు వచ్చి గోడకు నొక్కి చంపుతారు. కలపకపోయి ఉంటే కింద ఉన్నది దిగువ కోటవాళ్ళే, తలుపు తీస్తే లోయే ఉండదు. అప్పటిదాకా ఆమె తన పది వేళ్ళ గురించే బెంగపెట్టుకుంది. ఇప్పుడు వాటి మాటే గుర్తులేదు.

"తెరగుచి గారూ, తడిసిపోతున్నాం, తీయించండి" అని కింద నుంచి ఎవరో అరిచారు.

"నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. మనవాళ్ళే" అన్నాడు తెరగుచి గారు.

"నీ పేరు దిగువ కోటలో కూడా అందరికీ తెలుసు. తలుచుకుంటూనే ఉంటారు" అన్నాడు దొర. "చెప్పమ్మా."

"సోయాపాలు కలిపితే నిలుస్తుంది దొరా. మా ఆయన కలపలేదు."

"చూశావా?"

"చూడలేదు."

"మరి?"

"పాలు తీయాలంటే ఇంకో కుండ కావాలి దొరా. తరువాత దాన్ని తోమాలి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన రెండో కుండ దించగా నేను చూడలేదు."

దొరకూ పెళ్ళయి ఉంది. ఆయన తలుపు తీయవద్దన్నాడు.

కింద అరుపులు పెరిగాయి. తరువాత తిట్లు వచ్చాయి. ఒకతను ఏడుస్తున్నట్టు అమ్మను తలుచుకున్నాడు. ఆ గొంతు పీపాలవాడి చిన్నకొడుకుదేమోనని ఓషినోకు అనిపించింది. ఆ తరువాత అందరి గొంతులూ అలాగే వినిపించాయి. తొకుబెయి ఎన్నడూ చేయని పని నిన్న ఒక్కనాడు భయంతో చేసి ఉంటే? భయం మనిషి చేత కుండలు కూడా తోమిస్తుంది. చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని రెండుసార్లు దొర వైపు తిరిగింది. రెండుసార్లూ ఆ రెండో కుండే గుర్తొచ్చి మళ్ళీ కిందికే చూసింది.

అప్పుడు ఏటి మలుపు దగ్గర మరో జెండా కనిపించింది. దాని కింద ముప్ఫైమంది, తలలు వంచుకుని, ఆకలి మీద ఉన్నవాళ్ళ నడకతో వస్తున్నారు. జెండా దగ్గర పడేకొద్దీ చంద్రుడి కుడి అంచున మూడు నీలి మచ్చలు గోడ మీదివాళ్ళందరికీ కనిపించాయి. జెండా పట్టుకున్నవాడి ముఖం నుదుటి నుంచి గడ్డం దాకా పిండి కారి ఆ దేశపు పెళ్ళికూతురి ముఖంలా తెల్లగా ఉంది. తలుపు దగ్గర ఉన్నవాళ్ళు ముందు గోడ వైపు చూశారు, వెనక్కి చూశారు, మచ్చలేని తమ చంద్రుణ్ణి చుట్టి చంకన పెట్టుకుని చెట్లలోకి దిగిపోయారు. ఆ రోజు అయితానిలో ఒక్క మనిషికీ గాయం కాలేదు. తడిసినందువల్ల జలుబులు మాత్రం చేశాయి.

ఓషినో అక్కడే గోడకు చేరబడి కూర్చుంది. ఇకమీదట మా వంశానికి ఇదే గుర్తు అని దొర ప్రకటించాడు. తెరగుచి గారు వేళ్ళ సంగతి గుర్తు చేశాడు. ఒక రోజు దాచినందుకు శిక్ష ఉండవలసిందేనని దొర ఒప్పుకుని, తీర్పు చెప్పాడు. ఏటా జెండాను ఓషినోయే చేయాలి. ముద్దలో సున్నం కలపకూడదు. కుడి అంచు పిచ్చుకలకు వదలాలి. అవి తిని లేచేదాకా ఓకనే పక్కన కూర్చోవాలి, ఒక్క మాట మాట్లాడకూడదు. ఓషినోకు ఇది శిక్షగా తోచలేదు. ఓకనే మొదటి ఏడు మంచాన పడి లేచింది.

దేవుడు ఏమన్నాడన్న తగవు మాత్రం తీరలేదు. చెప్పబట్టి కోట నిలిచింది గనక చెప్పు అనే అన్నాడని ఓషినో వాదం. కప్పకపోతే తెరగుచి ఆ జెండాను గడప దాటనిచ్చేవాడే కాదు, కప్పు అనే అన్నాడని ఓకుమ వాదం. ఓకుమతో ఎవరూ గెలవలేకపోయారు. ఎదుటివాళ్ళ వాదన ఆమెకు వినబడేది కాదు. దొర ఆ దేవుడికి కోట ఆవరణలోనే గుడి కట్టించినప్పుడు పూజారులు, ఎందుకైనా మంచిదని, రెంటినీ పూజలో చేర్చారు.

అందుకే ఈనాటికీ ఇక్కడికి వచ్చినవారికి మొదట ఒక దేవదారు చెక్కముక్క ఇస్తారు. చేసి దాచిన తప్పేదైనా ఉంటే దాని మీద నీలిసిరాతో రాయాలి. రాసిన దాని మీద బియ్యప్పిండి పూసి కప్పాలి. తరువాత గుడి వెనక ధార కింద పట్టి కడిగి, బయటపడ్డ అక్షరాలను పైకి చదవాలి. మనసులో చదివితే చెల్లదు, దేవుడి సంగతేమో గాని ధార చప్పుడులో పూజారి గారికి వినబడదు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదని నియమం ఉంది. వరుసలో వెనక నిలుచున్నవారు ఈ నియమాన్ని తమ ఊరు చేరేవరకు తప్పక పాటిస్తారు.

ఆకురాలు కాలంలో జరిగే జెండా ఉత్సవం నాడు గుడి ముంగిట్లో చంద్రుణ్ణి పరిచి, కుడి అంచును పిచ్చుకలకు వదులుతారు. ఓకనే వంశపు స్త్రీ ఒకామె పక్కన కూర్చుని మౌనవ్రతం పడుతుంది. అది చూడడానికే సగం జనం వస్తారు. కిందటేడు కూర్చున్నామె ముప్పావుగంట ఓర్చుకుందని పూజారి గారు మెచ్చుకున్నారు.

ఈ దేవుణ్ణి దర్శిస్తే సంపదలు కలుగుతాయని గాని, పదవులు వస్తాయని గాని గుడివారు ఎన్నడూ చెప్పలేదు. పని పాడుచేసి ఎవరికీ చెప్పుకోలేక తిరిగేవారు, యజమాని దగ్గరా కట్టుకున్నవారి దగ్గరా మాట దాచి బెంగతో చిక్కిపోయినవారు ఇక్కడికి వచ్చి, చెక్క కడిగి, గొంతెత్తి చదివి మెట్లు దిగుతారు. వారికి ఆ పూట అన్నం సయిస్తుంది. ఇంటికి వెళ్ళి అసలు మనిషికి కూడా చెబితే మర్నాడు కూడా సయిస్తుందని పెద్దల మాట.